ఏడో నిమిషం

ఏటా డిసెంబరు 5 మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నా సరే ఒకసారి వాచీ చూసుకుంటాను. మూడూ ఏడుకి మళ్ళీ చూసుకుంటాను. "అయిందా మీ తద్దినం?" అంటుంది మా ఆవిడ. తద్దినం కాదు, గృహప్రవేశం అంటాను. పెళ్ళయిన కొత్తలో ఈ మాట విని, నాకెక్కడో ఇల్లుంది కాబోలు అని ఆశపడింది పాపం.

ఆ గృహప్రవేశం నాది కాదు. లండన్‌కి ఆగ్నేయ మూల, థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున చార్ల్‌టన్ అని ఒక పేట. ఆ పేట ఫుట్‌బాల్ క్లబ్బు చార్ల్‌టన్ అథ్లెటిక్. వాళ్ళ గ్రౌండు పేరు వ్యాలీ. 1985 సెప్టెంబరు 21న స్టోక్ సిటీతో ఆఖరి ఆట ఆడి ఆ గ్రౌండు ఖాళీ చేశారు. మళ్ళీ అక్కడ ఆడింది 1992 డిసెంబరు 5న. మధ్యలో 2,632 రోజులు. ఈ అంకె నేను కూడి చెబుతున్నది కాదు, అక్కడ ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. 1947లో బర్న్‌లీని ఓడించి, ఇంగ్లండులో క్లబ్బులన్నీ పోటీపడే ఎఫ్.ఏ. కప్పు గెలిచిన క్లబ్బది. ఆ తేదీ అడిగితే బుర్ర గోక్కునేవాళ్ళున్నారు గానీ, ఇల్లు చేరిన తేదీ మాత్రం పుట్టినరోజుల పక్కన రాసిపెట్టుకుంటారు.

నేను 1989 ఆగస్టులో వెళ్ళాను. ఆ దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు ఉద్యోగం. వాళ్ళిచ్చిన గదిలో హీటరు పనిచెయ్యలేదు. నోటీసు బోర్డు మీద చీటీ చూసి చార్ల్‌టన్‌లో ఒక ఇంటి పైగదిలో అద్దెకి దిగాను. ఇంటివాళ్ళు ముసలి దంపతులు. పెద్దాయన వూలిచ్‌లో సీమెన్స్ కేబుల్ ఫ్యాక్టరీలో చేసేవాడు. 1968లో అది మూతపడ్డాక అవీ ఇవీ పనులు చేసి రిటైరయ్యాడు. నన్ను "సన్" అనేవాడు. పెద్దావిడ "లవ్" అనేది. మొదటిరోజు "టీ పెట్టనా లవ్?" అని ఆవిడ అడిగితే నాకు చెవులు వేడెక్కాయి. పాలవాణ్ణీ, పోస్టుమేన్‌నీ, ఆఖరికి ఎదురింటి కుక్కనీ కూడా ఆవిడ అలాగే పిలుస్తుందని వారం తర్వాత గానీ తెలియలేదు.

వాళ్ళ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా కింద ఒక కాంక్రీటు పెళ్ళ అడ్డం పెట్టేవారు. కొబ్బరికాయంత ఉంటుంది. ఒక పక్క నున్నగా, ఎన్నో చెప్పులు అరగదీసినట్టు. ఇంకో పక్క గరుగ్గా, సందుల్లో ఎండిన నాచు. ఒకరోజు తలుపు వేద్దామని కాలితో పక్కకి నెట్టాను. పెద్దాయన పేపరు దించి, "చేత్తో, సన్" అన్నాడు. అప్పుడే నాకు వ్యాలీ కథ మొదటిసారి తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, క్లబ్బు తిరిగొస్తుందని చెప్పాక, పాడుబడ్డ గ్రౌండు బాగుచెయ్యడానికి వేలమంది అభిమానులు కొడవళ్ళూ పారలూ పట్టుకుని వెళ్ళారట. మనిషెత్తు పెరిగిన పిచ్చిమొక్కలు నరికి కుప్పపోసి తగలబెట్టారట. ఈ పెళ్ళ అక్కడి తూర్పు మెట్ల వరసలోంచి ఊడొచ్చింది. పెద్దాయన కోటు జేబులో పట్టక టోపీలో పెట్టుకుని తెచ్చాడు.

"మీది క్రికెట్ దేశం, నీకేం తెలుస్తుందిలే" అన్నాడు చివర్లో.

నాకు రోషం వచ్చింది. మాది సికింద్రాబాద్. మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఇంట్లో ఉప్పు ఉందో లేదో తెలియదు గానీ, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చిందని నిద్రలో లేపినా చెప్పేవాడు. వాళ్ళ కోచ్ రహీం సాబ్ పేరు ఎత్తితే చేతిలో గ్లాసు కింద పెట్టేవాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినా, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చినా అది ఆయన చేతి చలవే. ఆ జట్టులో ఆడిన బలరాం మా సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ వాడు. మా నాన్న సైకిలు తొక్కుకుంటూ ఫతే మైదాన్‌కి పోయి చూసిన ఆటగాళ్ళు వీళ్ళంతా. వచ్చిన ఇంగ్లీషులో ఇదంతా ఏకరువు పెట్టాను.

పెద్దాయన సాంతం విని, "ఆ మైదానం ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. స్టేడియం కట్టారు, పేరు మార్చారు. ఎక్కువ క్రికెట్టే ఆడతారు."

"మాదీ ఉంది. ఏమీ ఆడరు."

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకెళ్ళి ఫ్లాయిడ్ రోడ్డు చివర, తాళం వేసిన గేటు సందులోంచి చూపించాడు. పేరుకి తగ్గట్టు లోయే. ఒకప్పుడు అది సుద్దా ఇసకా తవ్వుకుపోయిన గొయ్యి. 1919లో అభిమానులే దిగి తవ్వి చదునుచేసి గ్రౌండు చేసుకున్నారు. మధ్యలో 1923లో ఎవరికో బుద్ధి పుట్టి క్యాట్‌ఫర్డ్‌కి మార్చారు. అక్కడ పొసగక ఒక్క సీజనుకే తిరిగొచ్చేశారు. అంటే ఇల్లు వదిలి పోవడం, తిరిగి రావడం ఈ క్లబ్బుకి మొదటిసారేం కాదు. తూర్పు వైపు చూస్తే కొండవాలుకి మెట్లు చెక్కినట్టు ఎక్కడికో పైకి పోతుంది టెర్రస్. కుర్చీలు లేవు, కప్పు లేదు, నిలబడి చూడ్డమే. 1938 ఫిబ్రవరిలో ఆస్టన్ విలాతో ఆటకి ఆ గ్రౌండులో 75,031 మంది పట్టారు. "అందులో ఆ చివరి ఒకటి నేను" అనేవాడు పెద్దాయన. అప్పటికాయన పన్నెండేళ్ళ పిల్లాడు. పైనుంచి జనం చేతుల మీదుగా కిందికి, గీత పక్కకి దించారట.

ఎందుకు వదిలిపోయారంటే, అన్ని అద్దె ఇళ్ళ కథే. క్లబ్బు చేతిలో డబ్బు లేదు. స్థలం యజమాని వేరు, అతనితో తగాదా. 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్ గ్రౌండులో మంటలు లేచి 56 మంది పోయారు. దాంతో దేశమంతా గ్రౌండుల భద్రత మీద పడ్డారు. ఆ పెద్ద తూర్పు టెర్రస్ మూసెయ్యమన్నారు. ఇక లాభం లేదని క్లబ్బు వెళ్ళి క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ళ సెల్‌హర్స్ట్ పార్కులో అద్దెకి దిగింది. ఈ సంగతి అభిమానులకి తెలిసింది సెప్టెంబరులో ఒక ఆటకి వెళ్తే గేటు దగ్గర చేతిలో పెట్టిన కరపత్రం ద్వారా. పెద్దాయనకి గ్రౌండు పోయినందుకన్నా ఆ కాయితం మీద ఎక్కువ కోపం. "ఎవరైనా పోయారని చెప్పాలంటే ఇంటికొచ్చి చెబుతారు, సన్. వీధిలో కాయితం పంచరు" అనేవాడు.

ఆ కోపంతో ఏడేళ్ళు ఒక్క ఆటకీ వెళ్ళలేదు. శనివారం మూడింటికి వంటింట్లో రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. జట్టు 1986లో మొదటి డివిజన్‌కి ఎక్కింది. ఆ రోజుల్లో అదే పైమెట్టు. అయినా కదల్లేదు. "అద్దె కొంపలో పెళ్ళి చేస్తే నేను రాను." ఎదురుగా అద్దెకున్నవాణ్ణి నేనున్నానని గుర్తొచ్చి, "నువ్వు కాదులే" అని నా భుజం తట్టేవాడు. నేను మాత్రం అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. 1991లో సెల్‌హర్స్ట్ వదిలి వెస్ట్ హామ్ వాళ్ళ అప్టన్ పార్కుకి మారాక ఇంకా బాగుండేది. వూలిచ్ దగ్గర నది దాటించే పడవ ఉచితం. ఎర్ర మఫ్లర్లు వేసుకున్న పాతిక మందిమి, లారీల మధ్య నిలబడి, సొంత గడ్డ మీద ఆడే ఆట చూడ్డానికి నది దాటి పరాయి గడ్డకి పోయేవాళ్ళం. తిరిగొచ్చాక పెద్దాయన ఫలితం అడిగేవాడు కాదు. రేడియోలో విన్నాడుగా. "గడ్డి ఎలా ఉంది?" అనేవాడు.

ఇక ఓటు సంగతి. ఇది చెబితే మనవాళ్ళెవరూ నమ్మరు. 1990 జనవరిలో కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ, వ్యాలీ మళ్ళీ కట్టే ప్లానుకి అనుమతి ఇవ్వనంది. అభిమానులు ఊరుకోకుండా ఒక రాజకీయ పార్టీ పెట్టారు. పేరు వ్యాలీ పార్టీ. ఎజెండా ఒక్కటే, మా గ్రౌండు మాకియ్యండి. మే 3న కౌన్సిల్ ఎన్నికలు. రెండు వార్డులు తప్ప అన్నిట్లో మనుషుల్ని నిలబెట్టారు. బస్టాపుల దగ్గర, రోడ్ల పక్క పెద్ద పెద్ద బోర్డులు. అసలు పార్టీల బోర్డులు వాటి పక్కన వెలవెలబోయేవి.

కామన్వెల్త్ దేశస్థులకి అక్కడ ఓటు హక్కుంది. అక్టోబరులో జాబితా రాసుకోవడానికి వచ్చిన ఫారంలో పెద్దావిడ తన చేత్తో నా పేరు రాసింది. నాకు ఇరవయ్యారేళ్ళు. ఇండియాలో ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. ఒకసారి పరీక్షలు, ఇంకోసారి జాబితాలో పేరు గల్లంతు. జీవితంలో మొదటి ఓటు, అదీ పరాయి దేశంలో, ఒక ఫుట్‌బాల్ గ్రౌండుకి వేశాను. పోలింగు స్కూల్లో పెన్సిలు దారంతో కట్టి ఉంది. పెన్సిలుతో గుర్తు పెడితే చెరిపెయ్యరా అని అక్కడి ఆవిణ్ణి అడిగాను. ఎందుకు చెరుపుతారు అంది. నా దగ్గర చాలా సమాధానాలున్నాయి గానీ చెప్పలేదు.

నాన్నకి ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. "పార్టీ పెట్టి ఎన్నాళ్ళయింది? మన రామారావుగారు తొమ్మిది నెలల్లో గెలిచారు" అని. వీళ్ళకి మూడు నెలలే. ఒక్క సీటూ రాలేదు. కానీ 14,838 ఓట్లు పడ్డాయి, నూటికి దాదాపు పదకొండు. ప్లానింగు కమిటీ ఛైర్మన్ తన సీటు పోగొట్టుకున్నాడు. మర్నాడు పొద్దున పెద్దాయన గోధుమరంగు సాసు వేసుకుని రెండు గుడ్లు ఎక్కువ తిన్నాడు. తర్వాతి ఏడాది అదే కౌన్సిల్ అనుమతి ఇచ్చింది.

అనుమతి వచ్చింది సరే, డబ్బేది? 1992లో అభిమానుల దగ్గరే పెట్టుబడి అడిగారు. పాతిక పౌన్ల నుంచి ఎవరి శక్తికొద్దీ వాళ్ళు కట్టారు. పది లక్షల పౌన్లు దాటింది. పెద్దాయన ఇంటి కప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బు పట్టుకెళ్ళి అందులో పెట్టాడు. కప్పు కారేది సరిగ్గా నా మంచం పక్కన. ఆ చలికాలమంతా నా గదిలో నీలం బక్కెట్టొకటి ఉండేది. వాన మొదలైతే టప్, టప్. పెద్దావిడ రోజూ మెట్లెక్కి వచ్చి బక్కెట్టు పారబోసి, కింద ఆయనకి వినబడేలా నాకు క్షమాపణ చెప్పేది. నేను నవ్వేవాణ్ణి. వ్యాలీలో నా వాటా ఆ బక్కెట్టు. ఇది చాలదన్నట్టు సెప్టెంబరులో క్లబ్బు తన మంచి ఆటగాడు రాబర్ట్ లీని ఏడు లక్షల పౌన్లకి న్యూకాజిల్‌కి అమ్మేసింది. కూతురి గొలుసు అమ్మి ఇల్లు విడిపించుకున్నట్టు.

తెరుస్తామన్న తేదీ రెండు మూడు సార్లు జరిగి జరిగి చివరికి డిసెంబరు 5, శనివారం ఖాయమైంది. పోర్ట్స్‌మత్‌తో ఆట. పెద్దాయన రెండు టిక్కెట్లు కొన్నాడు. పెద్దావిడ రానంది. ఏడేళ్ళ తర్వాత శనివారం వంటిల్లు ఖాళీ అవుతుంది, హాయిగా రేడియోలో నాటకం వింటానంది. నాకు ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి డ్యూటీ అయిపోతుంది. నా తర్వాత రావాల్సినతను రెండున్నరకి వచ్చాడు. కారణం ఏదో చెప్పాడు, వినలేదు. కోటు సగం తొడుక్కుని బస్సెక్కాను. వూలిచ్ రోడ్డులో బస్సు ఆగిపోయింది. ముందంతా ఎర్ర మఫ్లర్లే. దిగి పరుగు.

ఆ రోజు లోపల ఏం జరిగిందో అక్కడ అందరికీ తెలుసు. గ్రౌండు ఇంకా పూర్తికాలేదు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకుంది తాత్కాలికంగా పెట్టిన క్యాబిన్‌లలో. తూర్పు వైపు ఖాళీ. పట్టినంతమందికే టిక్కెట్లు, 8,337. ఒకప్పుడు 75,031 మంది నిలబడ్డ చోట. ఎర్రవీ తెల్లవీ బెలూన్లు వదిలారు. జట్టు దిగేటప్పుడు ఎప్పుడూ వేసే ఆ రాబిన్ పిట్ట పాట, ఏడేళ్ళ తర్వాత తన చోట మోగింది. పెద్ద పెద్ద మగాళ్ళు ఏడ్చారు.

నేను ఇవేవీ చూడలేదు. బెలూన్లు మాత్రం చూశాను, ఇళ్ళ కప్పుల మీదుగా నది వైపు పోతుంటే. మూడయిపోయిందన్నమాట అనుకున్నాను. స్టేషను దాటి ఫ్లాయిడ్ రోడ్డులోకి తిరిగాను. అటూ ఇటూ ఇళ్ళు, గుమ్మాల్లో జనం. టిక్కెట్టు దొరకనివాళ్ళు కుర్చీలు వేసుకుని వినడానికి కూర్చున్నారు. అప్పుడు వచ్చింది. ఎనిమిది వేలమంది అంటే లెక్కలో తక్కువే. గొయ్యిలోంచి ఆ అరుపు ఒక్కసారిగా పైకి లేచి వీధి మీద పడింది. ఎవరిదో కిటికీ అద్దం గణగణలాడింది. నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ గుమ్మం దిగొచ్చి, "మనదే, లవ్, మనదే" అని నా భుజం మీద దబదబా కొట్టింది. ఆవిడ చేతికి పిండి. నా నల్లకోటు మీద అయిదు వేళ్ళు పడ్డాయి. ఇద్దరం ఊపిరాడకుండా నవ్వుకున్నాం.

ఏడో నిమిషం. కాలిన్ వాల్ష్, ఎడమ కాలితో. ఆటలో ఇంకో గోలు పడలేదు. 1-0. అంటే నేను లోపలికి వెళ్ళి కూర్చుని చూసిన ఎనభై నిమిషాల్లో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదన్నమాట.

పెద్దాయన నా కోటు మీద పిండి చూశాడు, నా మొహం చూశాడు. పక్కకి జరిగి చోటిచ్చి, "నేనూ అంతే, సన్" అన్నాడు. అప్పుడు చెప్పాడు, అంతవరకూ ఎవరికీ చెప్పనిది. 1957 డిసెంబరు 21న ఇక్కడే హడర్స్‌ఫీల్డ్‌తో ఆట. ఆ జట్టు మేనేజరు బిల్ షాంక్లీ. మొదట్లోనే చార్ల్‌టన్ ఆటగాడు డెరెక్ ఉఫ్టన్‌కి భుజం జారింది. అప్పట్లో బదులు ఆటగాణ్ణి దించే పద్ధతి లేదు, పదిమందే. 5-1తో వెనకబడ్డారు. ఇంకో అరగంట కూడా లేదు. చలి. పెద్దాయన లేచి ఇంటికొచ్చేశాడు. బూట్లు విప్పుతుంటే అరుపు. సాక్సు విప్పుతుంటే ఇంకోటి. మూడో అరుపుకి మళ్ళీ బూట్లు తొడిగి పరిగెత్తాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి జనం బయటికి వస్తున్నారు. ఎంతని అడిగితే ఏడూ ఆరూ అన్నారు. ఎవరికి అని అడిగాడట! జానీ సమ్మర్స్ ఒక్కడే అయిదు గోల్స్. ఎడమ కాలి ఆటగాడు, సగం ఆటలో బూట్లు మార్చుకుని అయిదూ కుడి కాలితో కొట్టాడు. ఆ అయిదులో పెద్దాయన చూసింది మొదటిదొక్కటే. అయిదూ చూశానని ముప్పయ్యయిదేళ్ళుగా చెబుతూ వస్తున్నాడు.

"అందరూ ఏం కొట్టాడో చెబుతారు. ఎలా వినబడిందో నాకు తెలుసు" అన్నాడు. ఆ మాట అంటూనే ఇటు తిరిగి వాల్ష్ గోలు నాకు వర్ణించి చెప్పాడు. బంతి ఎలా వచ్చింది, ఎలా ఆపాడు, ఇరవై గజాల నుంచి ఎలా కొట్టాడు అని.

మర్నాడు ఆదివారం. ఇంకా అందరం ఆ మత్తులోనే ఉన్నాం. పెద్దావిడ రోస్టు పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నం వార్తల్లో అయోధ్య. బాబ్రీ మసీదు కూల్చేశారని. సాయంత్రానికి దేశంలో చాలాచోట్ల గొడవలు. తర్వాత హైదరాబాద్‌లో కర్ఫ్యూ అని తెలిసింది. మా ఇంట్లో ఫోను లేదు, పక్కింటివాళ్ళకుంది. రెండు రోజులు నంబరు తిప్పీ తిప్పీ వేలు నొప్పెట్టింది. ఫోను హాల్లో మెట్ల కింద ఉండేది. పెద్దాయన వంటింట్లోంచి కుర్చీ తెచ్చి అక్కడ వేశాడు. "బిల్లు చూసుకోకు" అన్నాడు. కప్పు కారుతున్నా డబ్బు లేని మనిషి.

మూడో రోజు దొరికింది. నాన్న గొంతు. వీధిలో అందరూ బాగున్నారు, బియ్యం ఉన్నాయి, అమ్మకి మందులు ఉన్నాయి, పాలవాడు వెనకసందులోంచి వస్తున్నాడు. అన్నీ గబగబా చెప్పేశాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "మీ మ్యాచి ఏమయింది?" అన్నాడు.

"గెలిచాం నాన్నా. ఒకటీ సున్నా."

"ఎవరు?"

"వాల్ష్. ఏడో నిమిషం."

"చూశావా?"

చూశాను అన్నాను. ఎలా కొట్టాడో చెప్పమన్నాడు. పెద్దాయన చెప్పినట్టే చెప్పాను. బంతి ఎలా వచ్చింది, ఎలా ఆపాడు, ఎడమ కాలు, ఇరవై గజాలు. కర్ఫ్యూ ఊళ్ళో పక్కింటి హాల్లో నిలబడి మా నాన్న "ఊఁ... ఊఁ..." అంటూ విన్నాడు. చివర్లో, "బలరాం కూడా అలాగే కొట్టేవాడురా" అన్నాడు. లైను తెగింది. మెట్ల మీద కూర్చుని అంతా వింటున్న పెద్దాయనకి తెలుగు రాదు. వాల్ష్ అన్న పేరు, బలరాం అన్న పేరు మాత్రం పట్టుకున్నాడు. నా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు.

ఆ ఇల్లు నేను 1994లో వదిలాను. అదే ఏడాది వ్యాలీలో తూర్పు వైపు కొత్త స్టాండు లేచింది. కానీ ప్రతి డిసెంబరు 5కీ వెళ్ళేవాణ్ణి. స్టేషను పక్క ఆంటీగాలికన్ అనే పాత పబ్బులో అయిదారుగురం కలిసేవాళ్ళం. రిటైరయిన బస్సు డ్రైవరు, లెక్కల టీచరమ్మ, ప్లమ్‌స్టెడ్ నుంచి వచ్చే సర్దార్జీ ఒకాయన. ఆ రోజు ఆటున్నా లేకపోయినా సరే, తర్వాత ఫ్లాయిడ్ రోడ్డు మీదుగా గేటు దాకా నడక. పెద్దాయన ప్రతిసారీ నాకోసం గోలు మళ్ళీ చెప్పేవాడు. ఇరవై గజాలు అయిదేళ్ళకి పాతికయింది. పదేళ్ళకి ముప్పై. టీచరమ్మ లెక్క సరిచెయ్యబోతే సర్దార్జీ ఆవిడ కాలు తొక్కేవాడు.

1998 మే 25న వెంబ్లీలో సండర్లాండ్‌తో ప్లే-ఆఫ్ ఆట, గెలిస్తే ప్రీమియర్ లీగు. మా క్లైవ్ మెండోంకా, తను పెరిగిన ఊరి జట్టు మీదే మూడు గోల్స్ కొట్టాడు. 4-4, పెనాల్టీలు. పెద్దాయన ఇంట్లో టీవీ ముందున్నాం. పెనాల్టీలనగానే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. గుండెకి మంచిది కాదని నేనే పొమ్మన్నాను కూడా. చివరిది గోలీ ఇలిచ్ పట్టగానే వీధి వీధంతా అరిచింది. పరిగెత్తి వెళ్ళి చూస్తే, బంగాళాదుంప మడి పక్కన చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎంత?" అన్నాడు. ఏడూ ఆరూ అన్నాను. "ఎవరికి అని అడగనులే" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత పెద్దావిడ. మా నాన్న అంతకు ముందే. క్లబ్బు ప్రీమియర్ లీగు నుంచి 2007లో జారింది, ఇంకా కిందికి పోయింది, మొన్న 2025 మేలో వెంబ్లీలో ఓరియంట్‌ని 1-0తో కొట్టి ఒక మెట్టు ఎక్కింది. నా జుట్టు రాలింది. మా పిల్లలకి క్రికెట్టే ఇష్టం.

కిందటి డిసెంబరు 5న వెళ్ళాను. పబ్బులో పాతవాళ్ళం ముగ్గురమే. పెద్దాయన మనవరాలు వచ్చింది. ఇప్పుడా అమ్మాయి వంటింటి తలుపుకే ఆ పెళ్ళ అడ్డం ఉంటుందట. నన్ను "డాక్" అంటుంది. బయల్దేరి గేటు దగ్గర శామ్ బార్ట్రమ్ విగ్రహం కింద నిలబడ్డాం. 1937 క్రిస్మస్ రోజున చెల్సీ గ్రౌండులో పొగమంచు కమ్మేసి ఆట ఆపేసి అందరూ వెళ్ళిపోయినా, సంగతి తెలియక తన గోలు ఒక్కడే కాస్తూ నిలబడిపోయిన గోలీ ఆయన. ఆఖరికి పోలీసొచ్చి చెబితే కదిలాడు. నాకు ఆ విగ్రహం చూస్తే ఎప్పుడూ వంటింట్లో రేడియో పక్కన కూర్చున్న ఇంకో మనిషి గుర్తొస్తాడు.

మూడూ ఏడుకి వాచీ చూసుకున్నాను. ఆ అమ్మాయి కనిపెట్టింది. జేబులోంచి ఫోను తీసి, "డాక్, ఆ గోలు ఇందులో ఉంది తెలుసా? తాతయ్య చెప్పినంత దూరమో కాదో చూద్దామా?" అంది.

తెలుసు. ఎన్నేళ్ళ నుంచో ఉంది. నేనెప్పుడూ చూడలేదు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"మరి మీరే చెప్పండి. ఎన్ని గజాలు?"

"ముప్పై అయిదు" అన్నాను.